మడమ లేచినప్పుడు

తుల్జమ్మ ఒక్క వేటుకే తుమ్మ మొద్దును చీల్చింది. గడపలో నిలబడ్డ అత్త దేవమ్మకు, చచ్చిపోయిన కొడుకే గొడ్డలి ఎత్తినట్టనిపించింది.

చెల్లెలిని పుట్టింటికి తీసుకుపోదామని కోహీర్ నుంచి వచ్చిన తుల్జమ్మ అన్న అరుగు మీద కూర్చునే ఉన్నాడు. దేవమ్మ పంపనంది.

"అచ్చం మా మాణిక్ లెక్కనే కొడ్తున్నవ్. ఎట్ల నేర్చినవే?"

"సూసి నేర్చిన అత్తమ్మా. ముందుగాల మడిమ లేస్తది, ఎన్క నడుం తిరుగుతది. చేతికి జోరు ఆడికెల్లే వస్తది."

"కట్టెలు కొట్టంగ గంత సూసినవా?"

"కట్టెలు కాదు, నన్ను కొట్టంగ. మడిమ లేస్తే తలకు చేతులు అడ్డం పెట్టుకుంటుంటి."

తుల్జమ్మ మళ్లీ గొడ్డలి ఎత్తింది. ఆమె మడమ లేవగానే దేవమ్మ చేతులు వాటంతటవే తలమీదికి పోయాయి. తన మొగుడు పోయిన ఇన్నేళ్లకూ అవి మరవలేదు.

చేతులు దించుకుని దేవమ్మ అరుగు వైపు తిరిగింది.

"నీ చెల్లెను తోల్కపో బిడ్డా."