ప్రార్థనకు ఆగే యంత్రం

పాస్టర్ బరాసా ప్రార్థన మొదలుపెట్టగానే మా ఇంట్లో బిట్‌కాయిన్లు సంపాదించే కంప్యూటర్ యంత్రం ఆగిపోతుందని బుంగోమా పట్టణంలో మా వీధివారి నమ్మకం. జీవితమంతా భౌతికశాస్త్రం బోధించిన నేను ఊరుకుంటానా? ఫ్యాను శుభ్రం చేశాను, కేబుళ్ళు మార్చాను, ప్రోగ్రాం మళ్ళీ ఎక్కించాను.

“ఇవాళ ఆగితే ఆదివారం చర్చికి వస్తాను,” అని నా భార్య నాలియాకాతో పందెం కాశాను.

“పెళ్ళయినప్పటినుంచీ ఎగ్గొడుతున్నారు. ఈసారి మాట తప్పితే ఊరుకోను, మాస్టారూ!”

పక్కనున్న చర్చిలో మైకు గరగరలాడింది. “ప్రభువా...” అన్నాడు పాస్టర్. మా యంత్రం ఫ్యాను నీరసించి ఆగిపోయింది.

“హల్లెలూయా!” అంది నాలియాకా.

“ఆగు!” ప్లగ్గులో మీటరు పెట్టి చూశాను. వోల్టేజీ బాగా పడిపోయింది. “చూశావా? చర్చికీ మనకీ ఒకటే లైను. వాళ్ళ స్పీకర్లు కరెంటంతా లాగేస్తున్నాయి. ఇందులో దేవుడి ప్రమేయమేమీ లేదు!”

“దేవుడని ఎవరన్నారు? ప్రార్థన మొదలైతే ఆగుతుందన్నాం. ఆగిందా, లేదా?”

వీధివారి మాటను మనసులో మళ్ళీ చదువుకున్నాను. అందులో దేవుడు లేడు. చేర్చినవాణ్ణి నేనే.

“ఆగింది,” అన్నాను.

ఆదివారం చర్చిలో రెండో బెంచీ మీద కూర్చున్నాను. పాస్టర్ ప్రార్థన మొదలుపెట్టాడు. ఇంట్లో యంత్రం ఆగిపోయిందని జేబులోని ఫోను కబురు చెప్పింది.