అరగని మోకాలు

గ్రైండరు రాళ్లనూ తలుపు బందులనూ చూపించినట్టే పైడమ్మ మోకాల్లోని లోహపు కీలునూ ఏటా అరుగుదల లెక్కగట్టే యంత్రానికి చూపిస్తారు. ఆమె నడకనూ, కంటికి ఆనని అరుగుదలనూ చూసి, ముందుముందు ఎంత అరుగుతుందో యంత్రం చెప్పేస్తుంది. ఈసారి తెరమీద గీత దసరా దాకా పైకెక్కి, ఆపైన చదునుగా సాగిపోయింది.

"దసరా దాటితే ఇంక అరగదంట, అత్తా!" కోడలు గౌరి సంబరపడింది.

"మంచిదే గదేటి," అంటూ పైడమ్మ చెప్పులేసుకుని బయటికి నడిచింది.

యంత్రం దగ్గరి ఉద్యోగి మాత్రం తల ఎత్తలేదు.

"ఎందుకరగదు బాబూ?" గౌరి అడిగింది.

"నడిస్తేనే కదమ్మా అరిగేది," అన్నాడతను మెల్లగా.

గౌరి గబగబా బయటికొచ్చి ఆటోను పిలవబోయింది.

"అరగని కాలికి ఆటో ఎందుకే? నడిచే పోదాం," అని పైడమ్మ హుషారుగా ముందుకు సాగింది. గౌరి పరుగున వెళ్లి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.