ఆలస్యంగా రాసిన చావు

“ఛీ! ఈ పిల్లకి పదహారేళ్ళా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందయ్యా నీకు?”

లూయిస్ కలం బల్లమీద పడేశాడు. ఫ్రెంచివాళ్ళ యానాంలో పుట్టుకలు, పెళ్ళిళ్ళు, చావులు రాసే గుమాస్తా ఆయన. ఎదురుగా కనకాలపేట అప్పారావు చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు. వెనక గుమ్మంలో అతని చచ్చిపోయిన తమ్ముడి పెళ్ళాం పల్లాలమ్మ, ఆమె కొంగు పట్టుకుని కూతురు నాగమణి. పుల్లల్లాంటి చేతులు, పీక్కుపోయిన మొహం. చూస్తే పన్నెండు దాటినట్టు లేదు.

“నా మాటెందుకండీ? మీ దస్త్రవే సూసుకోండి.”

లూయిస్ చూశాడు. నాగమణి, పుట్టుక 1936. పదిహేను నిండితే పెళ్ళి రాయాల్సిందే. పెళ్ళికొడుకు చూడబోతే ఇద్దరు పెళ్ళాల్ని కాటికి పంపిన అరవయ్యేళ్ళ ఆసామి. తండ్రి లేని పిల్లని కట్టబెట్టినందుకు అప్పారావుకి కొబ్బరితోట కౌలుకిస్తాడట.

“మీ సంగతి నాకు తెలీదా! ఒక పిల్ల పుట్టి పోతుంది. ‘పోయిందే మళ్ళీ వచ్చింది’ అని తరవాత పుట్టినదానికి ఆ పేరే పెడతారు. ఆ చావూ రాయించరు, ఈ పుట్టుకా రాయించరు. పాత పుట్టుక మీద కొత్త పిల్లని నడిపించేస్తారు. ఇదీ అలాంటిదే కదూ?”

“నాకేం తెలుసండీ? అప్పట్లో నేను రంగూన్‌లో ఉన్నాను.” అప్పారావు పళ్ళికిలించాడు. “దస్త్రంలో ఉందా లేదా? శుక్రవారం రాసెయ్యండి.”

“ఉంది కాబట్టి రాసి చావాలి. తూ! ఒక మనిషికి ఒకే పుట్టుక, ఒకే చావు. పుట్టుక లేనివాళ్ళకి పెళ్ళి లేదు. చచ్చినవాళ్ళకి అసలే లేదు. ఒకసారి రాసింది కొట్టెయ్యడం గవర్నరు తరం కూడా కాదు. ఇన్ని రూల్సుండి ఏం లాభం? మీలాంటివాళ్ళు దస్త్రాన్ని పెంటకుప్ప చేశారు.”

పల్లాలమ్మ ఆయన మొహంకేసే చూస్తూ నిలబడింది. ఏం తల్లిరా బాబూ, కన్నకూతురి గొంతు కోస్తుంటే గుడ్లప్పగించి చూస్తోంది అనుకున్నాడు లూయిస్. అప్పారావుకంటే ఆమె మీదే ఎక్కువ రోత పుట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆమె మళ్ళీ వచ్చింది. వెంట మంత్రసాని మరియమ్మ, పక్కింటి ముసలమ్మ.

“మీరన్నది నిజవేనండి బాబుగారూ. మా నాగమణికి ముందు ఒకత్తి పుట్టి పోయిందండి. ఆ పేరే దీనికెట్టాం. ఆ సావు రాయించాలండి.”

“ఎలా పోయింది?”

“అమ్మోరు పోసిందండి. ఏడాది నిండకుండానే.”

“నా సేతుల్తోనే ఎత్తుకెళ్ళానండి,” అంది మరియమ్మ. ముసలమ్మ తలూపింది.

“ఈ ఏడుపేదో నిన్ననే ఏడవచ్చుగా?”

“బావగారి ముందు ఎలా సెప్పనండీ?”

లూయిస్‌కి ప్రాణం లేచొచ్చింది. పాత చావుకి ఇద్దరు సాక్షులు చాలు. ముగ్గురి చేతా వేలిముద్రలు వేయించుకుని, నిండుగా సిరా ముంచి రాశాడు.

శుక్రవారం ముసలి పెళ్ళికొడుకు జరీ కండువాతో, అప్పారావుని వెంటబెట్టుకుని దిగాడు. లూయిస్ దస్త్రం వాళ్ళవైపు తిప్పాడు.

“పెళ్ళికూతురు ఎప్పుడో పసిగుడ్డప్పుడే పోయిందయ్యా. చచ్చినదానికి పెళ్ళేంటి?”

అప్పారావు నోరు తెరిచాడు. “మరి వరండాలో ఉన్న ఈ పిల్ల?”

“దీనికసలు పుట్టుకే లేదు. ఇన్నేళ్ళు పోయాక రాయాలంటే కోర్టు తీర్పు కావాలి. పాండిచేరి దాకా తిరుగు, చెప్పులరగాలి.”

“సచ్చినదాని పేరున్న పిల్లని నాకంటగడతావా!” ముసలాడు కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. అప్పారావు మరదలిని బండబూతులు తిడుతూ తోట కోసం ఆయన వెనకాలే పరిగెత్తాడు. థూ, పీడ వదిలింది!

ఇన్నాళ్ళకి దస్త్రంలో ఒక్క తప్పయినా సరయిందని లూయిస్ తృప్తిగా దాన్ని మూసి, కిటికీ రెక్కలు వెయ్యబోయాడు. బయట తల్లీకూతుళ్ళు మెట్లు దిగుతున్నారు.

“అమ్మా, సచ్చిపోయిన ఆ అక్క ఎవత్తే? నాకెప్పుడూ సెప్పలేదేంటి?”

“ఏ అక్కే? నా తొలికాన్పు నువ్వేనే.”