పస్తు పరీక్ష

"పిల్ల నోరు కట్టెయ్యమనే డాక్టర్ని నేనింత వరకు చూళ్ళేదు" అంది వెంకటేశ్వరమ్మ, మనవరాలి మంచానికి అడ్డంగా నిలబడి.

గుంటూరులో పిల్లల డాక్టరు లక్ష్మీకాంత్ ఓపిగ్గా మళ్ళీ చెప్పాడు. ఐదేళ్ళ హారిక నెలలో మూడుసార్లు పొద్దున పూట కళ్ళు తేలేసి పడిపోయింది. పడ్డప్పుడల్లా రక్తంలో చక్కెర నలభై లోపే ఉంది. కారణం తెలియాలంటే ఆస్పత్రిలో, తన కళ్ళ ముందు, పస్తుంచి చూడాలి. నిన్న రాత్రి ఎనిమిదింటికి తిన్న పిల్ల నోట్లో ఇవాళ సాయంత్రం దాకా మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పడకూడదు. చక్కెర పడిపోయిన క్షణంలోనే రక్తం తీసి పరీక్షకి పంపాలి.

మార్టూరు దగ్గర మిరపకోతలు మధ్యలో వదిలేసి వచ్చిన హారిక తండ్రి పానకాలు, తల్లి వెంకటేశ్వరమ్మని బతిమాలి ఒప్పించాడు.

రెండు గంటలకోసారి వేలు పొడిచి మిషన్‌లో చూశారు. ఎనభై రెండు. డెబ్భై ఎనిమిది. మళ్ళీ ఎనభై. సిరంజి, సీసాలు, గ్లూకోజు సిద్ధం చేసుకుని కూర్చున్న లక్ష్మీకాంత్‌కి వాటితో పనే పడలేదు. హారిక మంచం మీద గెంతులేస్తోంది. ముసలామె ఏదో పెట్టేసిందని ఆయన అనుమానం. దిండెత్తి బిస్కెట్ల కోసం వెతికాడు. ఏమీ లేవు. ఆమె చూసిన చూపుకి తల దించుకుని దిండు సర్దేశాడు.

నాలుగింటికి ఓటమి ఒప్పుకున్నాడు.

"పానకాలు గారూ, పదేళ్ళు చదివి, పసిపిల్లని ఇరవై గంటలు మాడ్చి నేను కనిపెట్టింది ఒక్కటే. మీ అమ్మాయి నాకన్నా గట్టిది. నేను ఈ లోపల రెండుసార్లు క్యాంటీనుకి పోయొచ్చాను."

హైదరాబాదులో పెద్ద డాక్టరుకి ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. అనుమానమున్న జబ్బులు ఐదు రాశాడు. వాటిలో మూడు పుస్తకంలో తప్ప ఎక్కడా చూసినవి కావు. ఒకదాని స్పెల్లింగు నర్సుని అడిగి దిద్దుకున్నాడు.

ఇడ్లీలు వచ్చాయి. మనవరాలితో పాటు తనూ పస్తున్న వెంకటేశ్వరమ్మ, తినే ముందు కొంగుముడి విప్పి చిన్న బిళ్ళ తీసింది. హారిక చెయ్యి చాపింది. ఆమె గోటితో ఓ ముక్క విరిచింది. లక్ష్మీకాంత్ గబుక్కున లేచి ఆ చెయ్యి పట్టుకుని అదేమిటని అడిగాడు.

"నా షుగర్ బిళ్ళ బాబూ. పిల్ల ఇది చక్కెర బిళ్ళనుకుని ఎప్పుడన్నా పొద్దున్నే మరీ ఏడిస్తే ఓ ముక్క పెడతా. ఇవాళ మీరు ఏమీ పెట్టొద్దన్నారుగా, అది కూడా పెట్టలేదు."