ఎండ పడే మూల

ఆ వసంతం మొదట్లో సెర్వెట్ చేతిలో ఉన్నవి మూడే. ఇస్తాంబుల్లో, కాడికోయ్ రేవు వెనక సందులో అలమారంత దుకాణం. తనే అచ్చు వేయించగా అచ్చాఫీసు నుంచి అప్పుడే దిగిన మూడు కొత్త పుస్తకాలు. వేసవి దాటేలోగా అవి అమ్ముడుపోకపోతే దుకాణం ఖాళీ చేస్తానని యజమానికి ఇచ్చిన మాట.

మొదటిది లావుపాటి ఓడల చరిత్ర. రెండోది ఒక మాజీ రాయబారి జ్ఞాపకాలు. ఆశలన్నీ ఆ రెండింటి మీదే.

మూడోది పల్చటిది. పిల్లులతో రోజువారీ బతుకు గురించి నెజాహత్ అనే పంతులమ్మ రాసుకున్న ముచ్చట్లు. పేరు ‘పిల్లి లేచేదాకా’. రాతప్రతి టపాలో వచ్చింది. మాటలు ఫోనులో అయ్యాయి. పుస్తకం అచ్చులో ఉండగానే ఆవిడ పోయింది. సెర్వెట్ ఆమెను ఎన్నడూ చూడలేదు.

మిగిలిన కాగితం వృథా కాకుండా వేసిన పుస్తకం కదా అని, దాన్ని తలుపు వెనక నీడలో పెట్టాడు.

ఆ వారమే దుకాణానికి రెండు ప్రాణులు అలవాటయ్యాయి.

ఒకటి బూడిదరంగు పిల్లి. పొద్దున్నే వచ్చి, కిటికీలో ఎండ పడే మూల పుస్తకాల దొంతర మీద పడుకునేది. సాయంత్రం లేచి పోయేది.

రెండోది ఒక ముసలాయన. కళ్లద్దాలు సీసా అడుగుల్లా ఉండేవి. పిల్లి వచ్చిన కాసేపటికి వచ్చి గోడవార స్టూలు మీద కూర్చునేవాడు. ఏమీ కొనేవాడు కాదు.

పిల్లి లాభం, ముసలాయన నష్టం అని సెర్వెట్ మొదట్లోనే తేల్చుకున్నాడు.

ఎందుకంటే నిద్రపోయే పిల్లిని ఆ ఊళ్లో ఎవరూ లేపరు. దాని కింద ఉన్న పుస్తకం కావాలంటే అది లేచేదాకా ఆగాల్సిందే.

“ఆ కింద ఉన్నది ఒకటి ఇస్తారా?” అని అడిగేవాళ్లు.

“వారు నిద్రలో ఉన్నారమ్మా. లేచాక మనవి చేద్దాం. ఈలోగా ఈ ఓడల పుస్తకం చూడండి.”

ఓడలను ఎవరూ చూసేవాళ్లు కాదు. ముసలాయన ఆ లోపలే పల్చటి పుస్తకం ఒకటి వాళ్ల చేతికిచ్చి మాట అందుకునేవాడు.

“తల్లీ, నా కళ్లకి అక్షరాలు ఆనవు. ఈ పుస్తకంలో ఏదో ఒక పేజీ చదివి పెడతావా?”

ఒక అమ్మాయి చదివింది. “మా ఇంట్లో కుర్చీలు నాలుగు. పిల్లి బయటికి వెళ్లినప్పుడు.”

దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ముసలాయన తల దించుకుని అందరికన్నా ఆలస్యంగా నవ్వాడు.

“ఇంకోటి చదువు తల్లీ.”

ఊరికే చదివించేస్తే ఇక కొనేదెవరని సెర్వెట్ పళ్లు కొరికేవాడు. వాళ్లు కొన్నప్పుడు మాత్రం ఆ పుణ్యం పిల్లి ఖాతాలో వేసేవాడు.

ఒక విషయం అతనికి అంతుపట్టలేదు. ఎండ మూలన ఓడల చరిత్ర పెడితే, కాసేపటికి అక్కడ పల్చటి పుస్తకాలు ఉండేవి. ఒకరోజు దొంగ చేతికి దొరికాడు. దొంతర పొట్టకి ఆనించుకుని ముసలాయన మోస్తున్నాడు.

“ఏం చేస్తున్నావు పెద్దాయనా?”

“వీటికి కాస్త ఎండ తగులుతుందనీ...”

“మిరపకాయలా ఎండబెట్టడానికి? ఆ లావుది ఒకటి అమ్మితే ఇవి ఐదు అమ్మినట్టు!”

“లావుదాని మీద పిల్లి పడుకోదు బాబూ.”

“కొనవు. నా టీ తాగుతావు. కొనేవాళ్లచేత ఊరికే చదివిస్తావు. ఇక సరుకు కూడా నువ్వే సర్దుతావా? ఇది చిన్న దుకాణం. కొనేవాళ్లకి చోటు కావాలి.”

ముసలాయన దొంతర కింద పెట్టాడు. అద్దాలు తుడుచుకున్నాడు.

“నిజమే,” అని వెళ్లిపోయాడు.

పిల్లి ఒళ్లు విరుచుకుని అతని వెనకే నడిచింది. ఆకలేస్తే అదే వస్తుందిలే అనుకున్నాడు సెర్వెట్.

రాలేదు. గడప దగ్గర చేపలు పెట్టి చూశాడు. పక్క దుకాణాల పిల్లులు తినిపోయాయి కానీ ఒక్కటీ పడుకోలేదు. వచ్చినవాళ్లు, “పిల్లి ఏదండీ?” అని అడిగి, పల్చటి పుస్తకం మాత్రం కొనుక్కుని వెళ్లిపోతున్నారు. చివరికి రేవుకి వెళ్లి, స్టీమరులో టీ అమ్మే బెకిర్‌ను పట్టుకున్నాడు.

“బూడిదరంగు పిల్లి ఎక్కడైనా కనిపించిందా?”

“ముసలాయన పిల్లేగా? అవతలి గట్టు నుంచి రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. మీ సందు మొదట్లో దించి, వెనకాల నడిచేవాడు. మొన్న ఇల్లు ఖాళీ చేసి, నల్లసముద్రం వైపు చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయాడన్నా. దాన్నీ తీసుకెళ్లాడు.”

“రోజూ తెచ్చేవాడా? ఎందుకు?”

“పిల్లి కోసం జనం ఆగుతారు, ఆగితే పుస్తకం తెరుస్తారు అనేవాడు. ఎవరు ఏ మాటకి నవ్వారో సాయంత్రం నాకు చెప్పేవాడు. పుస్తకమంతా ఆయనకి కంఠతా వచ్చు.”

“మరి వాళ్లచేత చదివించడం దేనికి?”

“పరాయివాళ్ల నోట వినాలట.”

“నాతో ఒక్క మాట చెప్తే కుర్చీ వేసి కూర్చోబెట్టేవాణ్ణి కదా!”

“అందుకే చెప్పలేదు. తెలిస్తే జనం మొహమాటానికి నవ్వుతారట. నిన్నేమీ అనలేదన్నా. దుకాణం చిన్నదే, నువ్వన్నది నిజమే అన్నాడు.”

“ఏం తెలిస్తే?”

బెకిర్ పళ్లెం దించి వింతగా చూశాడు.

“అచ్చేసినవాడివి. నిజంగా నీకు తెలీదా?”

వేసవి దాటాక సెర్వెట్ లెక్క చూసుకున్నాడు. ఓడలూ రాయబారీ కట్టలు విప్పకుండానే ఉన్నాయి. ఆ నోటా ఈ నోటా పాకి పల్చటి పుస్తకం మొత్తం అమ్ముడుపోయింది, దుకాణం దక్కింది. జీతం అడగకుండా దాన్ని అమ్మిపెట్టి, తాగిన టీకి మాట పడి వెళ్లినవాడు నెజాహత్ భర్త.