ప్రాగ్‌లో ఒక తుమ్ము

హోటల్ గుమ్మంలో కూతురు లాస్య తుమ్మింది. అయినా ప్రభాకరం ఆగకుండా కోట చూడటానికి బయల్దేరాడు. అతని భార్య హైమవతి కూతురి చెయ్యి పట్టుకుని వెంటే నడుస్తూ అతన్ని అనుమానంగా చూసింది. తుమ్ము వినబడితే కాసేపు కూర్చుంటే గానీ గడప దాటని మనిషాయన.

తిరిగే ఓపిక లేని టూరిస్టులకు హోటళ్లు అచ్చం వాళ్లలాంటి నకళ్లను అద్దెకిస్తున్న రోజులవి. అసలు మనిషి గదిలో నిద్రపోతాడు. నకలు ఊరంతా తిరిగొచ్చి, చూసినవన్నీ అతని తలకెక్కిస్తుంది. తాను నకలునని దానికే తెలియదు.

“పాతికేళ్లకు కలిసి ఊరు దాటామనుకున్నా. బొమ్మను పంపి పడుకున్నారే మీ నాన్న,” అంది హైమవతి కూతురి చెవిలో.

లాస్య తల్లి చెయ్యి వదిలేసి ఒకడుగు వెనక్కి వేసింది.

“తుమ్మితే నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లు తాగించేది నువ్వేగా. ఇవాళ నువ్వెందుకు ఆగలేదమ్మా?”