బిడ్డ కోసం పస్తులు

“ముప్పై ఆరు కిలోలు! ఈ ఒంటికి నెలసరే ఆగిపోయింది, ఇంక బిడ్డెట్లా నిలుస్తుంది?” అంది నన్ను తూకమెక్కించిన కోవిల్‌పట్టి డాక్టరమ్మ.

“మంగళవారం, శుక్కురవారం, సష్టి... బిడ్డకోసరం రెండేండ్లుగా పస్తులుండాది డాక్టర్. కళుగుమలై మురుగనే ఇంకా కన్ను తెరవలేదు,” అంది మా అత్త, తప్పంతా దేవుడిదే అన్నట్టు.

పక్కన వేరుశనగ మిఠాయి నములుతున్న మా ఆయన్నీ తూకమెక్కించింది డాక్టరమ్మ. నూట నాలుగు.

“మగవాడి బరువూ బిడ్డకు అడ్డమే. ఈమె తినాల, ఈయన తగ్గాల.”

“మొక్కు చెడిపోకూడదు కదత్తా. ఇంకమీద ఆ పస్తులు ఆయన ఉంటారులే,” అన్నాను.

“అయ్యయ్యో! నా కొడుకు ఒక్కపూట ఆకలికి తాళలేడే!”

ఆ మాట ఆమెకే వినబడినట్టుంది. కాసేపు నా మణికట్టు వైపే చూసింది. కొడుకు చేతిలోని మిఠాయి పొట్లం లాక్కుని నా ఒళ్లో పెట్టింది.

“తిను పాపా. మురుగనికి నేను చెప్పుకుంటా.”